మైకు పట్టాలా, మేకప్ వేసుకోవాలా? నల్లగొండ, పాలమూరు కళాకారులకు ఏది మేలు

మాటకారితనం, ముఖంలో కళ ఉన్న మనిషి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కనిపిస్తే చుట్టూ ఉన్నవాళ్లు రెండే సలహాలిస్తారు. "ఫంక్షన్లకు యాంకరింగ్ చెయ్యి, చేతిల పైసలాడుతయి" అంటారు ఒకరు. "కృష్ణానగర్ పోరాదు, క్యారెక్టర్ ఆర్టిస్టువైతవు" అంటారు ఇంకొకరు, హైదరాబాద్‌లోని సినిమావాళ్ల పేటను చూపిస్తూ. రెండింటికీ ఒకటే విద్య సరిపోతుందనుకుంటారు గానీ, సరిపోదు. పని వేరు, డబ్బు వచ్చే తీరు వేరు, వయసు లెక్క అసలే వేరు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: ముప్పై అయిదు లోపు వాళ్లకు సొంత జిల్లాలో వేదికే మేలు. సినిమా వేషం దాని పక్కన పెరగాలి గానీ దాన్ని మింగెయ్యకూడదు. నలభై దాటితే లెక్క తిరగబడుతుంది.

పాత నల్లగొండ జిల్లా నుంచే ముగ్గురి బతుకులు ఎదురుగా ఉన్నాయి. కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావు జానపద చిత్రాల్లో కత్తి తిప్పినంతకాలం రారాజు. నారదుడి వేషానికీ ఆయన పేరే చెప్పుకునేవారు. తర్వాత సొంతంగా సినిమాలు తీసి సంపాదించింది పోగొట్టుకున్నారు. కథానాయకుడిగా వెలిగిన మనిషి మలివయసులో చిన్నచిన్న వేషాల మీద ఆధారపడాల్సి వచ్చింది. 2009లో కన్నుమూశారు. తుంగతుర్తిలో 1935లో పుట్టిన ఎం. ప్రభాకర్‌రెడ్డి దారి వేరు. ఆయన డాక్టరు చదువు చదివి 1960లో సినిమాల్లోకి వచ్చారు. తండ్రిగా, విలన్‌గా, పెద్దమనిషిగా దశాబ్దాల పాటు తెర మీద నిలిచారు. సినీ కార్మికుల ఇళ్ల కోసం పదెకరాల భూమి ఇచ్చారు. మణికొండ దగ్గరి చిత్రపురి కాలనీ ఈరోజు ఆయన పేరుతోనే ఉంది. మూడో మనిషి కోదాడ వేణుమాధవ్. వేదికల మీద మిమిక్రీతో పేరు తెచ్చుకున్నాకే 1996లో తెర మీదికి వచ్చారు. నవ్వించే సమయం ఏదో జనం మధ్య నేర్చుకున్న మనిషి కాబట్టి, చిన్న సీను ఇచ్చినా థియేటర్‌లో నవ్వు మోగింది. 2019లో చనిపోయేనాటికి తెలుగు హాస్యనటుల్లో ఆయనది చెరగని చోటు.

సినిమా కాకుండా కాలికింద ఇంకేదైనా నేల ఉందా అన్నదే ఈ ముగ్గురి నుంచి పట్టుకోవాల్సిన విషయం. ప్రభాకర్‌రెడ్డికి చదువుంది. వేణుమాధవ్‌కు మిమిక్రీ ఉంది. క్యారెక్టర్ వేషాలు వరసపెట్టి రావు. నెలలో పది రోజులు పని దొరికి, తర్వాత రెండు నెలలు ఫోనే మోగకపోవచ్చు. ఆ రెండు నెలలు ఇల్లు గడిపేది ఏదో ముందే తేల్చుకోవాలి.

యాంకరింగ్‌లో ఆదాయం క్యాలెండర్ చూసి చెప్పొచ్చు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా, మళ్లీ శ్రావణంలో, కార్తీక మార్గశిరాల్లో పెళ్లిళ్లు, సంగీత్‌లు, రిసెప్షన్లు. జనవరి నుంచి మార్చి వరకు బడుల, కాలేజీల వార్షికోత్సవాలు. భాద్రపదంలో పెళ్లిళ్లు ఉండవు గానీ గణేశ్ మండపాలుంటాయి, ఆ వెనకే బతుకమ్మ. మాఘంలో చెర్వుగట్టు, మన్యంకొండ జాతరలు. కార్తీకంలో కురుమూర్తి జాతర. ఆషాఢం, పుష్యం మాత్రం పలచగా పోతాయి. ముహూర్తాలు ఆగిపోయే మౌఢ్యం ఎప్పుడు పడుతుందో పంచాంగంలో చూసుకుని ఆ నెలల ఖర్చుకు ముందే పక్కన పెట్టుకోవాలి. సగం డబ్బు బుకింగ్ రోజు, మిగతా సగం మైకు పట్టకముందు తీసుకోవాలి. పెళ్లివారి హడావుడిలో అప్పగింతలయ్యాక పైసలడిగితే ఇచ్చే మనిషి దొరకడు.

ఇక పని విషయం. వేదిక నడపడం అంటే చమత్కారాలు చెప్పడం అనుకుంటారు. అందులో నూటికి తొంభై వంతులు తయారీయే. సన్మాన సభనే తీసుకోండి. వేదిక మీదికి వచ్చేవాళ్ల జాబితా ముందురోజే తీసుకోవాలి. పేరు, ఇంటిపేరు, హోదా, ఊరు నిర్వాహకుల నోటితో పలికించుకుని, వాళ్లు పలికినట్టే రాసుకోవాలి. ఎవరి తర్వాత ఎవరిని పిలవాలో నిర్వాహకుల్లో ఒక్కరితోనే ఖాయం చేసుకోవాలి. ఇద్దరిని అడిగితే రెండు వరసలొస్తాయి. దళసరి కార్డుల మీద, కార్డుకు ఒక అంశం చొప్పున, పెద్ద అక్షరాలతో రాసి మూలన నంబరు వెయ్యాలి. గాలికి కింద పడి చెదిరినా నంబరు చూసి సర్దుకోవచ్చు. ఫోన్ చూసి చదవడం వద్దు. సరిగ్గా పిలవాల్సిన క్షణానే కాల్ వస్తుంది, తెర మీది పేరు పోతుంది.

కార్యక్రమం ఎక్కువసార్లు దెబ్బతినేది జ్యోతి ప్రజ్వలన దగ్గరే. వత్తులు నూనెలో ముందే నానకపోతే అంటుకోవు, ఫ్యాన్ ఆపకపోతే నిలబడవు. వత్తి కొసకు చిటికెడు కర్పూరం పొడి అద్ది, అగ్గిపెట్టె బదులు వెలిగించిన కొవ్వొత్తిని అతిథి చేతికి ఇవ్వాలి. ఆ అర నిమిషం మాటలు ఆపి ఒక శ్లోకమో, సన్నటి వాద్యమో వినిపిస్తే చాలు. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఇరవై నిమిషాలు నడిపే సరుకు ఎప్పుడూ దగ్గరుండాలి: పిల్లల పాటలు, ఊరి మీద నాలుగు ప్రశ్నలు, బహుమతిగా పెన్నులు. "ఇంకాసేపట్లో వచ్చేస్తున్నారు" అని మూడుసార్లు అంటే జనం కుర్చీలు ఖాళీ చేస్తారు. రాత్రి పదికి లౌడ్‌స్పీకర్ బంద్ కావాలన్నది చట్టం. అందుకని తొమ్మిదిన్నరకే వందన సమర్పణకు రావాలి.

మైకు సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. చాలామంది మైకు జాలీని పిడికిలితో మూసి పట్టుకుంటారు. చూడ్డానికి స్టైలుగా ఉంటుంది గానీ, అలా మూస్తే ఎదుటి గొంతునే పట్టాల్సిన మైకు చుట్టుపక్కల శబ్దమంతా లాగుతుంది, వెంటనే కూత పెడుతుంది. మైకును దాని నడిమి భాగంలో పట్టుకుని, నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, కొంచెం ఏటవాలుగా ఉంచాలి. అప్పుడు ప, బ, ఫ లాంటి అక్షరాలకు గాలి కొట్టదు. స్పీకర్ బాక్సులు ఎప్పుడూ మనకంటే ముందుండాలి. వాటి ముందుకు నడిచామా, కూత ఖాయం. కార్డ్‌లెస్ మైకులో కొత్త సెల్స్ మన ముందే వేయించాలి. ఎందుకైనా మంచిదని పక్కన వైరు మైకు ఒకటి స్టాండుకు పెట్టించాలి. ఒక్కో ఫంక్షన్ హాల్లో డీజే బాక్సులు వేదిక వెనకే పేర్చేస్తారు. అలాంటి చోట సౌండ్ అతనితో తగాదా పెట్టుకునే బదులు, ముందే వెళ్లి ఒక టీ తాగి, "అన్నా, ఆ రెండు బాక్సులు ముంగటికి జరపరాదే" అనడం పని చేస్తుంది.

క్యారెక్టర్ నటనలో తయారీ ఇంకో రకం. మొదటి మెట్టు ఫోన్‌లో తీసి పంపే ఆడిషన్ వీడియో. ఫోన్ అడ్డంగా, కంటి ఎత్తులో ఉండాలి. వెనక ఖాళీ గోడ, ముందు కిటికీ వెలుతురు, ఛాతీ వరకు ఫ్రేమ్. పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు అర నిమిషంలో చెప్పి రెండు పక్కలకూ తిరిగి చూపించాలి. తర్వాత ఇచ్చిన సీను. చూపు లెన్సులోకి కాదు, దాని పక్కనే ఒక చోట నిలపాలి. ఫిల్టర్లు, వెనక సంగీతం పెట్టకండి. ముడతలు, నెరిసిన గడ్డం, ఎండకు కమిలిన చర్మం కోసమే క్యారెక్టర్ వేషానికి మనిషిని వెతుకుతారు. వాటిని దాచుకుంటే వేషమే పోతుంది.

వేదిక మీద ఆరితేరినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చివరి వరస దాకా వినిపించాలని గొంతు ఎత్తడం, కళ్లతో సభంతా తిప్పి చూడడం, ఒక్క క్షణం ఖాళీ వచ్చినా మాటతో నింపడం యాంకర్‌కు అన్నం పెట్టే అలవాట్లు. క్లోజప్‌లో అవే నటనను చెడగొడతాయి. కెమెరా దగ్గరికి వచ్చినప్పుడు కనుబొమ్మ కొంచెం లేచినా తెర మీద అది పెద్ద కదలికే. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడమే సగం వేషం. ఎడిటింగ్‌లో ఆ వింటున్న ముఖమే ఎక్కువ వాడుకుంటారు. దీనికొక సాధన ఉంది. ఒకే డైలాగును మూడు కొలతల్లో పలకాలి: పెరట్లో ఉన్న మనిషికి, అదే గదిలో ఉన్న మనిషికి, మంచం పక్కన కూర్చున్న మనిషికి. మూడోదాన్ని రికార్డు చేసి శబ్దం ఆపి చూడండి. పెదాలు తప్ప ఇంకేది కదిలినా, అది అవసరమా అని ప్రశ్నించుకోవాలి.

కంటిన్యుటీ ఇంకో గండం. టీ గ్లాసు ఏ మాట దగ్గర లేపాం, ఏ చేత్తో లేపాం, కండువా ఏ భుజం మీద ఉంది, ఇవన్నీ వైడ్ షాట్‌లో చేసినట్టే క్లోజప్‌లోనూ చెయ్యాలి. వేదిక మీద ప్రతిసారీ కొత్తగా చెయ్యడం మెప్పు తెస్తుంది. ఇక్కడ అలా చేస్తే షాట్లు అతకవు, ఎడిటర్ ఆ ముక్క తీసేస్తాడు. అందుకే మొదటి టేక్‌లో చేతి పనులు తక్కువ పెట్టుకోవడం తెలివైన పని.

యాస విషయంలో మన వాళ్లకు మంచి కాలమే. తెలంగాణ పల్లె కథలు పెరిగాయి, అరువు యాసతో పలికే నటుడిని ప్రేక్షకులు ఇట్టే పట్టేస్తున్నారు. అయితే కోదాడ, హుజూర్‌నగర్ వైపు మాటలో కృష్ణా జిల్లా గాలి ఉంటుంది. గద్వాల, అలంపూర్ వైపు కన్నడం, రాయలసీమ కలుస్తాయి. "నాకు తెలంగాణ యాస వచ్చు" అని ఊరుకోకుండా ఏ ప్రాంతం మాట వచ్చో చెప్పి, ఆ మాటలోనే ఒక వీడియో పంపాలి. యాంకర్లు ఏళ్ల తరబడి పుస్తకం భాషలో మాట్లాడి, సొంత ఊరి మాట నోటికి రాకుండా చేసుకుంటారు. అది చాలా పెద్ద నష్టం. ఇంట్లో, అంగట్లో ఆ మాటను వదలొద్దు.

రెండూ కలిపి చేద్దామంటే అసలు చిక్కు డేట్ల దగ్గర వస్తుంది. పెళ్లి ముహూర్తం నెల ముందే ఖాయం. షూటింగ్ ఫోన్ మాత్రం ముందురోజు సాయంత్రం వస్తుంది. పొద్దున ఆరింటికి రామోజీ ఫిల్మ్ సిటీలో ఉండమంటే నల్లగొండలో నాలుగింటికే బండెక్కాలి. అది విజయవాడ రోడ్డు మీదే కాబట్టి నల్లగొండ వాళ్లకు కొంత నయం. పాలమూరు నుంచి శంషాబాద్ దాకా వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా పెద్ద అంబర్‌పేట దిగాలి గనుక ముందు రాత్రే చేరడం మంచిది. ఒప్పుకున్న పెళ్లిని సినిమా కోసం ఎగ్గొడితే మాత్రం ఆ మాట జిల్లా మొత్తం పాకుతుంది, తర్వాతి సీజన్‌కు ఎవరూ పిలవరు. వేషం ఒప్పుకునే రోజే ఖాళీ లేని తేదీలు కో-డైరెక్టర్‌కు రాసి పంపాలి. తన స్థానంలో నిలబడగల ఇంకో యాంకర్‌తో ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం పెట్టుకోవాలి. గడ్డం సంగతీ అంతే. పాత్ర కోసం నెల రోజులు గడ్డం పెంచమంటే రిసెప్షన్ వాళ్లు ముఖం చిట్లిస్తారు. ఆ నెలలో సభలు, సాహిత్య కార్యక్రమాలు ఒప్పుకుని, సంగీత్‌లు వదిలెయ్యాలి.

మూడో దారి కూడా ఉంది. తెలంగాణ వచ్చాక ఏర్పడిన ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులను ప్రభుత్వం ఉద్యోగులుగా తీసుకుంది. పాట, ఆట, డప్పు చేతిలో ఉన్నవాళ్లకు అలాంటి నెల జీతం మంచిదే గానీ, ఖాళీలు ఎప్పుడో గానీ పడవు. దానికోసం మిగతావి ఆపుకోవద్దు.

వయసు లెక్కకొస్తే, ఇరవైల్లో ఉన్నవాళ్లకు తెర మీద హీరో స్నేహితుడి వేషాలే ఎక్కువ, వాటికి పోటీ విపరీతం. అదే వయసులో సంగీత్‌కు, కాలేజీ వేడుకకు గిరాకీ బాగుంటుంది. నలభై దాటాక సంగీత్ పిలుపులు తగ్గుతాయి. అప్పుడే తండ్రి, సర్పంచ్, హెడ్‌మాస్టర్, ఎస్సై వేషాలకు ముఖం పండుతుంది. కాబట్టి ఇరవై అయిదేళ్ల అబ్బాయి కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకోవాల్సిన అవసరం లేదు. ఊళ్లో మైకు పట్టుకుని, నెలకు రెండు ఆడిషన్ వీడియోలు పంపుతూ, ఏడాదికి ఒకటి రెండు షార్ట్ ఫిల్ములు చేస్తే చాలు. రిటైరైన టీచరో, నలభై అయిదేళ్ల నాటక కళాకారుడో అయితే నేరుగా వేషాలే వెతుక్కోవచ్చు.

ఆడవాళ్లకు యాంకరింగ్‌లో రాత్రి ప్రయాణమే పెద్ద ఇబ్బంది. ఇంటి దగ్గర దించే కారు, బట్టలు మార్చుకోను గడియ పడే గది, తోడు వచ్చే మనిషికి భోజనం, ఈ మూడూ రేటు మాట్లాడేటప్పుడే వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. సినిమాలో ముప్పై అయిదుకే అమ్మ, అత్త వేషాలు మొదలవుతాయి. మొహమాటపడకుండా అవి ఒప్పుకున్నవాళ్లకు సీరియళ్లలో నెలనెలా తేదీలు దొరికే వీలుంది. ఆడిషన్ పేరుతో డబ్బు అడిగినా, ఆఫీసు కాకుండా వేరే చోటికి రమ్మన్నా, మగవాళ్లయినా ఆడవాళ్లయినా ఆ ఫోన్ అక్కడే పెట్టెయ్యండి. నిజమైన ఆడిషన్‌కు రుసుము ఉండదు.