"ఎండలోనూ వాడొచ్చు" అని రాసి ఉన్న కోటింగ్ స్ప్రే కొంటున్నారా? ముందు ఇది చదవండి

పికప్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా నలుపో ముదురు నీలమో ఉన్నవాళ్లు, ఈ ఎండల్లో ఇంటి దగ్గరే బండి మెరిపించుకుందామని ఆన్‌లైన్‌లో స్ప్రేలు వెతుకుతుంటే ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. సీసా ముందువైపు పెద్ద అక్షరాలతో "ఎండలోనూ, వేడి బాడీ మీదా వాడొచ్చు" అని ఉంటే ఆ ఒక్క మాట చూసి కొనకండి. నేను అలాగే కొన్నాను. మూడు వారాలైంది, బానెట్ మీద మచ్చలు ఇంకా పూర్తిగా పోలేదు.

నాది నల్ల డబుల్ క్యాబ్ పికప్, అంటే రెండు వరసల సీట్లున్నది. కొని రెండేళ్లు. చిన్న చిన్న గీతలు తప్ప రంగుకి ఏ లోపమూ లేదు. దానికి సిరామిక్ స్ప్రే, అంటే రంగు మీద మెరిసే రక్షణ పొర వేసే స్ప్రే, కొడదామని కొన్నాను, అదే అమ్మకందారు దగ్గర కాంబో కింద నీటి మరకలు పోగొట్టే లిక్విడ్ కూడా వచ్చింది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఒకే రకం సరుకు వేరే వేరే లేబుళ్లతో చాలామంది అమ్ముతున్నారు, ఒక పేరు చెబితే మీరు రెండోది కొని అదే గోతిలో పడతారు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నీడలోనే మొదలుపెట్టాను. పికప్‌తో ఉన్న ఇబ్బంది ఏంటంటే, అది చిన్న కారు కాదు. రూఫ్ అందాలంటే స్టూల్ వేసుకోవాలి, వెనక బెడ్ లోపల మట్టి కడగాలి, టెయిల్‌గేట్ సందుల్లో బ్రష్ పెట్టాలి, నాలుగు పెద్ద చక్రాలు, వాటి పైన నల్ల ప్లాస్టిక్ ఆర్చ్‌లు. ఒక పక్క పూర్తయ్యేసరికి ఎండ ఇటు తిరిగింది. కడిగి తుడిచేసరికి పదకొండు. బానెట్ మీద అరచెయ్యి పెడితే రెండు సెకన్లు కూడా ఉంచలేకపోయాను. సీసా మీద రాసి ఉంది కదా, పర్లేదనుకుని కొట్టేశాను.

స్ప్రే పడ్డది పడ్డట్టే చుక్కలు చుక్కలుగా ఎండిపోయింది. మైక్రోఫైబర్ గుడ్డ పెడితే జారలేదు, జిగురు మీద లాగినట్టు పట్టుకుంది. తుడిచిన దారంతా మందంగా ఒక చార, పక్కనే పల్చగా ఇంకో చార, వంగి పక్కనుంచి చూస్తే నీళ్ల మీద నూనె తేలినట్టు రంగులు. గుండె జారిపోయింది. కడిగేస్తే పోతుందేమోనని వెంటనే పైపు పెట్టి బోరు నీళ్లు కొట్టాను. అసలు తప్పు అక్కడే జరిగింది. కాలుతున్న రేకు మీద ఆ నీళ్లు తుడిచేలోపే ఆవిరైపోయాయి, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం తెల్లటి రింగులుగా మిగిలిపోయాయి.

కాంబోలో వచ్చిన రెండో సీసా ఉంది కదా అని దాన్ని తీశాను. అది ఆసిడ్ రకం. ఒక నిమిషం ఉంచి కడగమని రాసి ఉంది. ఆ వేడికి అర నిమిషంలోనే ఎండింది. కడిగాక చూస్తే రింగులు కొన్ని పోయాయి కానీ వాటి చోట మసకబారిన మచ్చలు, అద్దం మీద ఊపిరి ఊదినట్టు, ఎంత తుడిచినా పోని మసక. కిందకి కారిన లిక్విడ్ చక్రాల పైన నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి చారలు చేసింది. ఆ ఆర్చ్‌లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

అప్పుడు సీసా వెనక లేబుల్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: చల్లగా ఉన్న బాడీ మీద, నీడలో మాత్రమే వాడాలి అని. అదే సీసా, ముందు ఒక మాట, వెనక ఇంకో మాట! అమ్మినవాళ్లకి రెండు ఫొటోలూ పంపాను. "సూచనలు వెనక ఉన్నాయి కదండీ, తెరిచిన సీసా వెనక్కి తీసుకోం" అని ఒక్క లైను వచ్చింది. మళ్లీ రాస్తే జవాబే లేదు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ, రెండేళ్లు అంత జాగ్రత్తగా చూసుకున్న బండి ఒక్క పూటలో ఇలా అయినందుకు.

చివరికి ఒక డీటైలింగ్ కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాను. రుద్దడం మొదలుపెట్టకముందే రంగు మందం కొలిచే మీటర్ పెట్టి బానెట్ మీద ఏడెనిమిది చోట్ల చూశాడు, నాకు ఆ పద్ధతి నచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు మొత్తం కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, అందులో పైనుండే క్లియర్ కోట్, అంటే రంగుని కాపాడే పారదర్శక పొర, 40, 50 మైక్రాన్లే, అంటే మన తలవెంట్రుక కంటే పల్చన. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచే కొంచెం అరుగుతుంది. అతను మెషిన్‌తో రెండుసార్లు కాంపౌండ్ (రుద్దే పాలిష్ పేస్టు) కొట్టాక కోటింగ్ చారలన్నీ పోయాయి, మసక మచ్చలు చాలావరకు తగ్గాయి. ఐదారు రింగులు మాత్రం లోపలికి దిగిపోయాయి. ఇంకోసారి రుద్దమంటే ఒప్పుకోలేదు. "అన్నా, ఇంకా లాగితే క్లియర్ కోట్ పోతుంది, అప్పుడు బానెట్ మొత్తం పెయింట్ వేయించాల్సిందే. ఈ రింగులతోనే ఉండనీ" అన్నాడు. నిజాయితీగా చెప్పాడు.

అతను చెప్పిన ఇంకో మాట మీకు పనికొస్తుంది. స్ప్రే చారలు కట్టిన వెంటనే నేను నీళ్లు కొట్టకుండా బండిని నీడలోకి తోసి, రేకు చల్లబడ్డాక అదే స్ప్రేని గుడ్డ మీద కొంచెం కొట్టుకుని తుడిచి ఉంటే, ఇంకా గట్టిపడని పొర మెత్తబడి చాలావరకు సర్దుకునేదట. గట్టిపడిపోయాక మాత్రం పాలిష్ ఒక్కటే దారి.

ఇలా ఎందుకవుతుందంటే, ఈ స్ప్రేల్లో కోటింగ్ పదార్థాన్ని మోసుకొచ్చే ద్రవం ఒకటి ఉంటుంది, అది మెల్లగా ఆరుతూ ఉంటే పొర సమంగా పరుచుకుంటుంది. బయట 40 డిగ్రీలుంటే ఎండలో నిలబెట్టిన నల్ల రేకు 70 దాటినా ఆశ్చర్యం లేదు. అంత వేడి మీద ఆ ద్రవం క్షణాల్లో ఎగిరిపోతుంది, మీ చెయ్యి ఎంత వేగంగా కదిలినా సరిపోదు. తెల్ల బండి అంత వేడెక్కదు, చారలు కూడా అంతగా కనిపించవు, అందుకే వీడియోల్లో తెల్ల బండి మీద ఎండలో కొట్టి చూపించినా నల్ల బండి వాళ్లు దాన్ని ఆధారంగా తీసుకోకండి.

కొనేముందు ఇవి చూడండి. వెనక లేబుల్ ఫొటో పెట్టారా లేదా? పెట్టకపోతే అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. ఎన్ని డిగ్రీల మధ్య వాడాలో రాసి ఉందా? మరకలు తీసే లిక్విడ్‌లో, చక్రాలు కడిగే లిక్విడ్‌లో ఏ ఆసిడ్ ఉందో రాశారా? దీని గురించి గట్టిగా చెబుతున్నాను: కొన్ని వీల్ క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్, లేదా అమోనియం బైఫ్లోరైడ్ ఉంటుంది. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, కానీ లోపలికి, ఎముక దాకా దిగి హాని చేస్తుంది. చెమట పట్టిన చేతులతో, గ్లవ్స్ లేకుండా, పక్కన పిల్లలు నీళ్లలో ఆడుతుండగా వాడే సరుకు కాదది. ఆ పేర్లు కనిపిస్తే ఇంట్లోకి తేకండి, మామూలు కార్ షాంపూ, మెత్తటి బ్రష్ చాలు చక్రాలకి.

నేను ఇప్పుడు తెల్లవారకముందే మొదలుపెడుతున్నాను. ఒక రోజులో బండంతా చేయడం మానేశాను, ఇవాళ క్యాబిన్, రేపు బెడ్, టెయిల్‌గేట్. రేకు మీద అరచెయ్యి ఐదు సెకన్లు హాయిగా ఉంచగలిగితేనే ఏదైనా పూస్తాను. షాంపూకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకోటి, పై నుంచి కిందికి, ఒక భాగం కడిగిన వెంటనే తుడిచేసి ఆ తర్వాతే రెండోది. దూరం నుంచి వచ్చి ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు బానెట్ జోలికే వెళ్లను, నీడలో ఉన్నా అది లోపలి నుంచి కాలుతూనే ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ మీద ఏ వ్యాక్సూ, పాలిషూ పడకుండా టేప్ అంటిస్తున్నాను.

ఇప్పటికే మీ దగ్గర అలాంటి సీసా ఉంటే నేరుగా బానెట్ మీద మొదలుపెట్టకండి. టెయిల్‌గేట్ లోపలివైపు, రంగు ఉన్నచోట, చల్లగా ఉన్నప్పుడు అరచెయ్యంత మేర వేసి తుడవండి. మర్నాడు ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పక్కనుంచి వంగి చూడండి. చారలు లేకపోతేనే ముందుకెళ్లండి, ఉంటే సీసా మూత పెట్టేసి ముందూ వెనకా లేబుళ్లు రెండూ ఫొటో తీసి అమ్మినవాళ్లకి అదే రోజు పంపండి.