లోతు మంచులో ఊడిన స్కీ దొరకాలంటే: పౌడర్ రిబ్బన్లు చాలాకాలం వాడాక నా అభిప్రాయం

సాల్ట్ లేక్ సిటీ చుట్టుపక్కల, ముఖ్యంగా లీహై వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వచ్చిన మన తెలుగువాళ్లు మొదటి చలికాలం పిల్లల్ని స్లెడ్ మీద ఆడిస్తారు, రెండో చలికాలానికి స్కీలు కొంటారు, ఆ తర్వాత దగ్గర్లోని స్కీ రిసార్టులు ఆల్టాకో స్నోబర్డ్‌కో వెళ్లి కొత్త మంచులో దిగడం మొదలుపెట్టాక అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. పడిపోతే స్కీ ఊడి మంచులో మాయమైపోతుందట, మళ్లీ దొరకదట, నిజమేనా అని. నిజమే. చాలామందికి జరిగింది, గంటల తరబడి వెతికి చివరికి ఒంటి స్కీతో కిందికి దిగినవాళ్లని నేను చూశాను. దీనికి నేను కొన్నేళ్లుగా వాడుతున్న వస్తువు పౌడర్ రిబ్బన్. దాని గురించి మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

వస్తువు అంటే పెద్దదేం కాదు. రెండు మీటర్ల పొడవు, బొటనవేలంత వెడల్పు ఉన్న నైలాన్ రిబ్బన్, ఒక చివర లూప్. లూప్‌ని బైండింగ్‌కి, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుకి తగిలించి, మిగతాదంతా మడతలు మడతలుగా పెట్టి ప్యాంటు కింది అంచులో, బూటు మీదికి వచ్చే ఎలాస్టిక్ కఫ్ లోపల దోపుకుంటాం. పడినప్పుడు స్కీ ఊడితే రిబ్బన్ తనంతట తనే బయటికి జారి, స్కీ వెనకాల గాలిపటం తోకలా సాగుతుంది. స్కీ మంచు కిందికి దూరినా తోక కొస పైన కనిపిస్తుంది. బ్యాటరీ లేదు, యాప్ లేదు, ఛార్జింగ్ లేదు.

బ్రేకులు ఉన్నాయి కదా, స్కీ అక్కడే ఆగిపోవాలి కదా అని కొందరు అంటారు. బైండింగ్‌కి రెండు పక్కలా ఉండే ఆ బ్రేకు చేతులు గట్టి మంచు మీద బాగా పనిచేస్తాయి, బూటు ఊడగానే కిందికి దిగి మంచులో గుచ్చుకుంటాయి. మోకాలి లోతు పౌడర్‌లో, అంటే పొడిలాంటి కొత్త మంచులో, గుచ్చుకోవడానికి అక్కడ గట్టిగా ఏముంది? ఈ వాసాచ్ కొండల్లో పడే మంచు మరీ తేలిక, సగటున నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్లే నీళ్లు, మిగతాదంతా గాలి. అందులో స్కీ ముక్కు కిందికి తిరిగిందంటే పైన గుర్తు కూడా వదలకుండా మంచు లోపలే కొన్ని మీటర్లు పోగలదు. దానికి తోడు పైన మంచు కురుస్తూ ఉంటే, పడినప్పుడు ఏర్పడ్డ గుంట కూడా కాసేపట్లో పూడిపోతుంది. 2022-23 సీజన్‌లో ఆల్టాలో మొత్తం 903 అంగుళాలు పడింది, అంటే 75 అడుగులు. అలాంటి చలికాలంలో పోయిన స్కీ కావాలంటే వేసవి దాకా ఆగాల్సిందే.

రిబ్బన్ ఉంటే ఏమవుతుందో, లేకపోతే ఏమవుతుందో ఒకే రోజు పక్కపక్కన చూశాను. మా బావమరిది డల్లాస్ నుంచి వచ్చాడు, అద్దె స్కీలు తీసుకున్నాడు, వాటికి రిబ్బన్లు లేవు. రాత్రంతా కురిసింది, పొద్దున్నే కొండ దారి ఆలస్యంగా తెరిచారు (ఆల్టాకి వెళ్లే లిటిల్ కాటన్‌వుడ్ లోయలో హిమపాతాలు, అంటే కొండ మీది మంచు ఒక్కసారిగా కూలి జారే ప్రమాదం ఉంటే ముందే వాటిని పేల్చి కిందికి దింపాకే రోడ్డు తెరుస్తారు, అందుకని ఇలాంటి రోజుల్లో తొందరపడి బయల్దేరి లాభం లేదు). కాలిన్స్ లిఫ్ట్ ఎక్కి బాల్‌రూమ్ అనే విశాలమైన వాలులోకి దిగాం. వెలుతురు మందంగా ఉంది, మంచుకీ ఆకాశానికీ తేడా తెలియట్లేదు. ముందు నేను పడ్డాను, ఎడమ స్కీ ఊడింది, లేచి చూస్తే రెండు బారల పైన గులాబీ రంగు రిబ్బన్ కొస జానెడు బయటికి కనిపిస్తోంది. దాన్ని చేత్తో పట్టుకుని, లాగకుండా వెంబడిస్తూ వెళ్లి తవ్వితే స్కీ మోచేయి లోతులో ఉంది. మళ్లీ తగిలించుకోవడానికి పట్టిన టైమే ఎక్కువ.

కాస్త కిందికి దిగాక వాడు పడ్డాడు. "బావా, స్కీ ఎటు పోయిందో కనపడట్లేదు" అంటూ కింద వెతకడం మొదలుపెట్టాడు. "ఒరేయ్, అక్కడ తొక్కకు, నువ్వు ఆగిన చోటు కాదు, పడ్డ చోటు చూడు" అని అరిచాను. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. స్కీ ఊడేది పడడం మొదలైన చోట, మనిషి ఆ తర్వాత ఇంకా కిందికి దొర్లుతాడు. కాబట్టి స్కీ దాదాపు ఎప్పుడూ మనకి పైనే ఉంటుంది. మనిషి సహజంగా కిందికే చూస్తాడు, ఎందుకంటే జారేవన్నీ కిందికే పోతాయని మనసు చెబుతుంది. అలా కింద వెతుకుతూ ఉన్న మంచునంతా తొక్కి, దొరికే గుర్తులు కూడా చెరిపేస్తాడు.

వాడి రెండో స్కీని పైన నిలువుగా గుచ్చి పెట్టాం, అది రెండు పనులు చేస్తుంది. పైనుంచి వచ్చేవాళ్లకి ఇక్కడ మనుషులున్నారని హెచ్చరిక, మనకి పడ్డ చోటు గుర్తు. ఆ తర్వాత ఇద్దరి పోల్స్‌తో, అంటే చేతికర్రలతో గుచ్చి చూశాం, ఉపయోగం కనిపించలేదు. పోల్ చివరి బాస్కెట్ మంచులో తట్టుకుంటుంది, పైగా గుచ్చిన ప్రతిసారీ ఒక్క చుక్క చోటే తెలుస్తుంది. అప్పుడు నా స్కీ ఒకటి విప్పి, రెండు చేతులతో పట్టుకుని, తోక కిందికి పెట్టి మంచుని కోయడం మొదలుపెట్టాను. ఎటు కోయాలన్నది ముఖ్యం. స్కీ పొడవు 170, 180 సెంటీమీటర్లు, నడుము దగ్గర వెడల్పు పది సెంటీమీటర్లు. అది చాలావరకు వాలు వెంబడే, అంటే పైనుంచి కిందికే పడుకుని ఉంటుంది. మనం వాలుకి అడ్డంగా కోస్తే అర మీటరుకో గీత చాలు, ఏదో ఒక గీత దానికి తగిలి తీరుతుంది. అదే నిలువుగా కోస్తే బెత్తెడు బెత్తెడుకీ గీయాలి, అయినా తప్పిపోవచ్చు. పడ్డ చోటుకి కాస్త పైనుంచి మొదలుపెట్టి అడ్డంగా కోసుకుంటూ దిగాను. టక్ మని గట్టిగా చేతికి తగిలింది. వాడు లేచి నిలబడ్డ చోటికి చాలా పైన, ముక్కు కిందికి దూరి, తోక మాత్రం అడుగు లోతులో ఉంది. అప్పటికే వాడి చేతి వేళ్లు తిమ్మిరెక్కాయి, ఆకలి, దానికి తోడు అద్దె షాపువాళ్లు స్కీ పోతే ఎంత వసూలు చేస్తారో అన్న టెన్షన్. నాది రెండు నిమిషాల పని, వాడిది మధ్యాహ్నం దాకా సాగింది.

ఇక రిబ్బన్‌లోని లోపాలు. మొదటిది, అది ప్యాంటులోంచి ఊరికే బయటికొస్తుంది. గుండ్రంగా చుట్టి దోపితే చిక్కుపడుతుంది, ఊడినప్పుడు ముద్దగా స్కీతోపాటే మంచులోకి పోతుంది. మడతలు అటూ ఇటూ పేర్చి, కొసని అన్నిటికంటే లోపల కాకుండా పక్కన పెట్టాలి. లిఫ్ట్ దగ్గర లైన్‌లో నిలబడ్డప్పుడు ఒకసారి కిందికి చూసుకోండి, వేలాడుతూ ఉంటే వెనకవాళ్ల స్కీ దాని మీద ఎక్కుతుంది, కుర్చీ దిగేటప్పుడు దేనికైనా పట్టుకుంటే ఇంకా ప్రమాదం. నేను లిఫ్ట్ ఎక్కే ముందు చేత్తో తడిమి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. మామూలు రోజుల్లో, గట్టి మంచు మీద తిరిగేటప్పుడు అసలు పెట్టుకోను, జేబులోనే ఉంటుంది.

రెండోది, బరువైన తడి మంచులో ఇది అంత బాగా తేలదు. మార్చి, ఏప్రిల్‌లో ఎండెక్కాక మంచు సిమెంటులా తయారవుతుంది, రిబ్బన్ అందులో అతుక్కుపోతుంది. అదృష్టం ఏమిటంటే అలాంటి మంచులో స్కీ కూడా అంత లోతుకి పోదు. కాలిఫోర్నియాలో సియెరా కొండల్లో మంచు ఇక్కడికంటే బరువు, అక్కడ తిరిగేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

మూడోది అరుగుదల. స్కీ అంచు స్టీలు, పదునుగా ఉంటుంది, రిబ్బన్ రోజూ దానికి రాసుకుంటూ ఉంటే పీచులు లేస్తాయి. తడిసినదాన్ని రాత్రి కారు డిక్కీలోనే వదిలేస్తే పొద్దున్నకి కడ్డీలా గడ్డకడుతుంది, అప్పుడు మడవడం కుదరదు. ఇంటికి రాగానే కుర్చీ మీద ఆరేస్తే సరిపోతుంది. రంగు విషయానికొస్తే నారింజ రంగు కంటే గులాబీ ఎక్కువ కాలం నిలిచింది, మబ్బు రోజున కూడా అదే బాగా కనిపించింది. నీలం, ఆకుపచ్చ జోలికి పోవద్దు, నీడలో మంచు కూడా నీలంగానే ఉంటుంది. తగిలించే చోటు హీల్ పీస్ (బైండింగ్‌లో మడమని పట్టే భాగం) దగ్గర బ్రేకు చేతికి, కానీ తగిలించాక బ్రేకు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో బూటు లేకుండా నొక్కి చూడండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ రిబ్బన్ ఒక చివరే కట్టి ఉండాలి, స్కీకి. రెండో చివర కాలికి కట్టేస్తే పోయే సమస్యే ఉండదు కదా అని తెలివైనవాళ్లు కూడా అడుగుతుంటారు. బ్రేకులు రాకముందు, 1970ల దాకా అలాగే పట్టీలతో కాలికి కట్టేవాళ్లు. పడినప్పుడు ఊడిన స్కీ ఆ పట్టీకి వేలాడుతూ గిరగిరా తిరిగి మనిషినే కొట్టేది, స్టీలు అంచులతో మొహాలు తెగేవి. హిమపాతంలో చిక్కుకుంటే సంగతి ఇంకా ఘోరం, కాలికి కట్టిన స్కీ లంగరులా మనిషిని కిందికి లాగేస్తుంది. స్కీ ఖరీదు ఎంతైనా సరే, కాలికి కట్టొద్దు.

బ్లూటూత్ ట్యాగ్‌ల గురించి. స్కీ మీద అంటించే ట్యాగ్ కూడా నేను రెండు సీజన్లు వాడి చూశాను. లాడ్జ్ బయట ర్యాక్‌లో పెట్టిన స్కీలు ఎవరైనా పొరపాటున పట్టుకుపోతే అది పనికొస్తుంది, ఆ పనికి ఇప్పటికీ ఉంచాను. లోతు మంచులో మాత్రం దాని మీద ఆధారపడను. ట్యాగ్ చేసే శబ్దాన్ని కొత్త మంచు మింగేస్తుంది, పక్కనే నిలబడ్డా వినిపించదు. ఫోన్ తీయాలంటే గ్లవ్స్ తీయాలి, చలికి ఫోన్ బ్యాటరీ చూస్తూండగానే పడిపోతుంది, స్క్రీన్ మీద మంచు పడి వేలు పనిచేయదు. మంచు తడిగా ఉంటే సిగ్నల్ కూడా బలహీనమే, ఎందుకంటే ఆ ఫ్రీక్వెన్సీని నీరు పీల్చేసుకుంటుంది. రిసార్ట్ సరిహద్దులు దాటి కొండల్లోకి వెళ్లేవాళ్లయితే ఇంకో విషయం చూడాలి. హిమపాతంలో మనుషుల్ని వెతికే బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, ఫోన్ లాంటి ఎలక్ట్రానిక్ వస్తువులు దానికి మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంలో ఉండాలని నియమం. పాత బీకన్ ఒకటి స్కీకి కట్టేస్తే ఎలా ఉంటుందని ఒకాయన నన్ను అడిగాడు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరైనా మంచు కింద కూరుకుపోతే రక్షించేవాళ్లు మీ స్కీని తవ్వుతూ కూర్చుంటారు, అక్కడ మనిషి ప్రాణానికి ఉండేది నిమిషాలే. బట్టల్లో కుట్టి ఉండే రెకో రిఫ్లెక్టర్ (రక్షణ బృందం సిగ్నల్‌ని తిప్పి పంపే చిన్న పట్టీ) కూడా దీనికి కాదు, దాన్ని పసిగట్టే యంత్రం రక్షణ బృందాల దగ్గరే ఉంటుంది.

రిబ్బన్ కొనేముందు బైండింగ్ సంగతి చూడండి, అసలు ఊడకూడని చోట ఊడకుండా. పౌడర్‌లో స్కీ అనవసరంగా ఊడడానికి నేను ఎక్కువగా చూసిన కారణం బూటు అడుగున గడ్డకట్టిన మంచు. దాంతో మడమ పూర్తిగా దిగదు, క్లిక్ అన్నట్టు వినిపిస్తుంది కానీ సగమే పట్టుకుంటుంది. ఎక్కించే ముందు బూటు అడుగుని పోల్ కొసతో గీకి, టో పీస్ (బైండింగ్ ముందు భాగం) మీద రుద్ది, ఎక్కించాక మడమ ఎత్తి చూడండి. ఊడుతోంది కదా అని డిన్ నంబరు, అంటే బైండింగ్ ఎంత బలానికి ఊడాలో చెప్పే నంబరు, మీ అంతట మీరు పెంచేయొద్దు. ఆ నంబరు మీ బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, మీరు స్కీ చేసే తీరు చూసి షాపులో టెక్నీషియన్ పెట్టేది. ఊడాల్సినప్పుడు ఊడకపోతే పోయేది మోకాలి లిగమెంటు, దాంతో పోలిస్తే మంచులో స్కీ పోవడం ఎంతో నయం.

చెట్ల మధ్య స్కీ పోతే మాత్రం ఒంటరిగా వెతకొద్దు. చెట్టు మొదలు చుట్టూ కొమ్మల కింద మంచు గుల్లగా ఉంటుంది, తలకిందులుగా అందులో పడితే ఊపిరాడదు, పక్కన మనిషి లేకపోతే బయటికి రావడం చాలా కష్టం. స్కీ మీద మీ పేరు, ఫోన్ నంబరు రాసి పైన పారదర్శకమైన టేప్ వేయండి. ఎండాకాలం మంచు కరిగాక బయటపడ్డ స్కీలు లాస్ట్ అండ్ ఫౌండ్‌కి చేరుతుంటాయి, పేరు లేకపోతే ఎవరివో ఎలా తెలుస్తుంది?

కొనాలనుకుంటే స్కీ షాపుల్లో జతగా దొరుకుతాయి, లేదంటే బట్టల షాపులో గట్టి నైలాన్ రిబ్బన్ కొని కొస కాల్చి లూప్ కుట్టుకున్నా సరిపోతుంది, నా రెండో జత అలా చేసుకున్నదే, కొన్నదానికి ఏమాత్రం తీసిపోలేదు. పిల్లల స్కీలకి మీటరు, మీటరున్నర చాలు, అంతకంటే పొడవైతే ఆ చిన్న ప్యాంటు కఫ్‌లో పట్టదు. అద్దె స్కీలకైతే వెల్క్రోతో పెట్టి తీసే రకం తీసుకోండి, సాయంత్రం స్కీలు వాపస్ ఇచ్చేటప్పుడు విప్పుకోవడం మాత్రం మరిచిపోకండి.