పార్శ్వపు నొప్పికి గంజాయి: అక్కడ వయసు లెక్క, ఇక్కడ చట్టం లెక్క

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అక్క కూతురికి పదిహేడేళ్లు. పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) మొదలైతే కిటికీకి దుప్పటి కట్టి, నుదుటిన తడిగుడ్డతో పడుకుంటుంది. "ఇక్కడ దానికి గంజాయి ఇస్తారు, ఇంకో ఏడాది ఆగితే చాలు" అన్నాడు కాలిఫోర్నియా బంధువు.

మాట అబద్ధం కాదు. అక్కడి 1996 నాటి చట్టంలో మైగ్రేన్ పేరు నేరుగా ఉంది. డాక్టరు సిఫారసు ఉంటే 18 నిండినవారు సొంతంగా కొనుక్కోవచ్చు, లేకపోతే 21 దాకా ఆగాలి. 18 నిండని వాళ్లకు తల్లిదండ్రులు బాధ్యత తీసుకోవాలి.

ఇక్కడ వయసు ప్రశ్నే లేదు. మన 1985 మత్తుమందుల చట్టానికి ఆ మొక్క పూత గుత్తులే గంజాయి, అవి దగ్గరుంటే నేరమే. పదహారైనా అరవై అయినా ఒకటే. కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు పడవచ్చు. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా కొండల్లో పండిన సరుకును "చెట్టు మందే కదా" అనేవారు ఇది మరిచిపోతారు. విడిగా ఉన్న ఆకు ఆ నిర్వచనంలోకి రాదు గనుక ఆయుర్వేదంలో విజయ (గంజాయి మొక్కకు అక్కడి పేరు) మందులున్నాయి. అవీ వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. ఎదిగే మెదడుకు నేనైతే అదీ ఇవ్వను.

విచిత్రమేమిటంటే, మైగ్రేన్ కోసమే తయారైన రిజాట్రిప్టాన్‌కు ఆ అమెరికాలోనే ఆరేళ్ల వయసు నుంచి అనుమతి ఉంది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు మించితే వాటివల్లే తలనొప్పి ముదురుతుంది. బరంపురంలో నరాల డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు, నొప్పి వచ్చిన రోజులు, మాత్ర వేసిన రోజులు గుర్తు పెట్టిన కేలండరు పట్టుకెళ్లమని అక్కకు చెప్పాను.