కవర్ మీద 'ఫుల్ మ్యాచ్' అని ఉన్నా నమ్మకండి: జపాన్ జూనియర్ హెవీవెయిట్ డీవీడీ సెట్లతో జాగ్రత్త

జపాన్ రెజ్లింగ్‌లో జూనియర్ హెవీవెయిట్ (తక్కువ బరువు రెజ్లర్ల విభాగం) పాత మ్యాచ్‌ల డీవీడీ సెట్లు ఆన్‌లైన్‌లో కొనే ఆలోచన ఉంటే, డబ్బు కట్టేముందు ఇది చదవండి. 'జూనియర్ హెవీవెయిట్ బెస్ట్, అన్నీ ఫుల్' అని పెట్టిన ఒక సెల్లర్ దగ్గర నేను తీసుకున్న సెట్‌లో సగానికి పైగా కత్తిరించిన మ్యాచ్‌లే. టీవీ టైముకి సరిపోయేలా కోసిన కాపీలకు స్టార్ రేటింగుల కవర్ తొడిగి అమ్ముతున్నారు. అడిగితే 'ఓపెన్ చేసిన డిస్క్ వాపసు తీసుకోం' అన్నారు. ఆ తర్వాత మెసేజ్‌లకు జవాబే లేదు.

1994 ఏప్రిల్ 16న టోక్యోలోని ర్యోగోకు కొకుగికాన్‌లో జరిగిన సూపర్ జె-కప్ అనే జూనియర్ల టోర్నీ కోసమే నేనీ సెట్ తీసుకున్నాను. అందులో వైల్డ్ పెగాసస్, గ్రేట్ సాసుకే అనే రెజ్లర్ల ఫైనల్ 18 నిమిషాలు దాటి నడిచింది. నాకొచ్చిన డిస్క్‌లో 11 నిమిషాలు కూడా లేదు. పోయిందంతా మొదటి భాగమే. జూనియర్లంటే పై తాడు మీంచి గెంతడమే అనుకునేవాళ్ళకు అదేం పెద్ద లోటు కాకపోవచ్చు. కానీ మ్యాచ్ గట్టిదో కాదో తేలేది అక్కడే. మొదట్లో ఒకడి మోకాలి మీద పట్టు పట్టారనుకోండి, పదిహేనో నిమిషంలో పైనుంచి దూకి దిగాక అతను ఆ కాలు పట్టుకుంటాడా, మర్చిపోయి పరిగెడతాడా? ముందు భాగం కోసేస్తే కుంటుతున్నవాడు ఎందుకు కుంటుతున్నాడో తెలీదు. మంచి మ్యాచ్, చెత్త మ్యాచ్ ఒకేలా కనిపిస్తాయి.

సెమీఫైనల్‌కి చేసింది ఇంకా అన్యాయం. సాసుకే తాడు మీంచి జుషిన్ లైగర్ మీదికి దూకబోయి కాలు జారి పడ్డాడు. లైగర్ వెటకారంగా చప్పట్లు కొట్టాడు. ఆ ఏమరుపాటులోనే సాసుకే అతన్ని చుట్టేసి పిన్ చేసి (భుజాలు నేలకు అదిమి) గెలిచాడు. జారుడుని కూడా గెలుపు వైపు తిప్పిన తీరు వల్లే ఆ మ్యాచ్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నా డిస్క్‌లో సరిగ్గా ఆ చోట హాల్ శబ్దం తీసేసి ఏదో రాక్ మ్యూజిక్ పెట్టారు! జనం ఎలా ఊగిపోయారో వినకుండా ఆ మ్యాచ్‌కి మార్కులు ఎలా వేస్తాం?

కోత ఉందో లేదో పట్టుకునే దారి ఒకటుంది. జపాన్ మ్యాచ్‌లలో అయిదేసి నిమిషాలకు అనౌన్సర్ గడిచిన టైం చెబుతాడు. అయిదుకి 'గొఫున్ కెయికా', పదికి 'జుప్పున్ కెయికా'. మ్యాచ్ మొదలుపెట్టే బెల్ కొట్టిన నాలుగు నిమిషాలకే 'జుప్పున్' వినిపించిందంటే ఆరు నిమిషాలు మింగేసినట్టే. అధికారిక ఫలితాల్లో ప్రతి మ్యాచ్ నిడివి సెకన్లతో సహా ఉంటుంది, దాంతో కూడా సరిచూడండి. 2018 జూన్ 4న కొరాకుయెన్ హాల్‌లో హిరోము తకహాషి, తైజీ ఇషిమోరిల జూనియర్ల టోర్నీ ఫైనల్ 34 నిమిషాలు. ఎవరైనా 20 నిమిషాల ఫైల్ చూపించి ఫుల్ అంటే వదిలేయండి. అసలు ఇలాంటి కొత్త మ్యాచ్‌లకు డిస్కుతో పనే లేదు, 2014 డిసెంబర్ నుంచి ఈ మ్యాచ్‌లు నడిపే న్యూ జపాన్ కంపెనీ వాళ్ళ సొంత స్ట్రీమింగ్ ఉంది.

పాతవే కావాలంటే, డబ్బు పంపకముందే మీరు చెప్పిన మ్యాచ్‌లో మొదటి బెల్ నుంచి 'జుప్పున్ కెయికా' వరకు ఆపకుండా రికార్డ్ చేసి పంపమనండి. కవర్ ఫొటోలు, శాంపిల్ క్లిప్పులు పంపి సరిపెడితే ఆర్డర్ పెట్టకండి. క్యాష్ ఆన్ డెలివరీ అన్నా సరే, సీల్ విప్పాకే కదా కోత బయటపడేది.