ఇంజిన్‌కు టర్బో పెడితే పిస్టన్లు: పాతవే ఉంచాలా, ఫోర్జ్‌డ్ వేయాలా?

ఖర్చు: కంపెనీ ఇచ్చిన కాస్ట్ (పోత పోసిన) పిస్టన్లు ఎలాగూ లోపలే ఉన్నాయి. ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా ఒత్తి చేసిన) అయితే సెట్ ధరతో పోదు, సిలిండర్ బోరింగ్, రింగులు, గ్యాస్కెట్లు, ఇంజిన్ విప్పి బిగించే కూలీ, అన్నీ కలిసి వస్తాయి.

రిస్క్: కాస్ట్ పెళుసు, గట్టిగా నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) వస్తే రింగుల మధ్య గోడ విరుగుతుంది. 2618 అల్లాయ్ ఫోర్జ్‌డ్ ఆ దెబ్బ బాగా తట్టుకుంటుంది కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సిలిండర్ గోడకీ పిస్టన్‌కీ మధ్య ఎక్కువ ఖాళీ (క్లియరెన్స్) వదలాలి, అందుకే చల్లని ఇంజిన్ టకటకమంటుంది. ఇంకో ఫోర్జ్‌డ్ అల్లాయ్ 4032లో సిలికాన్ సుమారు 12 శాతం, చప్పుడు తక్కువ, దెబ్బకు ఓర్పూ కాస్త తక్కువే.

తక్కువ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), రోజువారీ బండి: పాతవే ఉంచి డబ్బు ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది), ట్యూనింగ్‌కు పెట్టండి (ట్యూన్ చెడితే ఫోర్జ్‌డ్ కూడా కరుగుతుంది).

రోడ్డు మీదే, కాస్త ఎక్కువ బూస్ట్: 4032.

ట్రాక్, భారీ బూస్ట్: 2618, బేరం లేదు.