చక్ బెర్రీ 'గ్రేటెస్ట్ హిట్స్' ఎల్పీ కొంటున్నారా? ముందు అట్ట వెనకవైపు ఫొటో అడగండి

పాత రాక్ అండ్ రోల్ ఎల్పీలు (పెద్ద వినైల్ రికార్డులు) ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కాస్త జాగ్రత్త. అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు, గిటారిస్టు చక్ బెర్రీ హిట్స్ పేరుతో తిరుగుతున్న రికార్డుల్లో కొన్నిట్లో ఉన్నవి అసలు రికార్డింగులు కావు. పాటలు అవే, పాడిందీ ఆయనే. కాకపోతే పదేళ్ల తర్వాత ఇంకో కంపెనీ కోసం మళ్లీ పాడినవి. రెండు వేల పైచిలుకు తీసుకుని నాకు అంటగట్టింది అలాంటిదే.

లిస్టింగ్‌లో అట్ట ముందువైపు ఫొటో ఒక్కటే పెట్టారు. గిటార్ పట్టుకున్న కుర్ర చక్ బెర్రీ, కింద '50ల నాటి హిట్స్' అని పెద్దక్షరాలు. మొదటి పాట 'మేబెలీన్' మీద సూది పెట్టగానే సంగతి తెలిసిపోయింది. అసలుది 1955లో షికాగోలో చెస్ రికార్డ్స్ కోసం చేశారు. అందులో గిటార్ మోత చెవికి గరగరా తగులుతుంది, వెనక జెరోమ్ గ్రీన్ మరాకస్ (గిలకల్లాంటి వాయిద్యం) ఆగకుండా గలగలమంటూ ఉంటాయి, జానీ జాన్సన్ పియానో ఆ సందట్లోంచే వినబడుతుంది. నాకొచ్చిన దాంట్లో అన్నీ శుభ్రంగా కడిగి, స్టీరియోలో కుడికి కొన్ని ఎడమకి కొన్ని సర్దేశారు. వి8 ఫోర్డు వేసుకుని క్యాడిలాక్ వెంటపడే పాట అది. ఇందులో ఆ ఫోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టుంది.

ఇలాంటి రికార్డులు ఎలా పుట్టాయంటే, 1966లో ఆయన చెస్ వదిలి మెర్క్యురీలో చేరాడు. పాత పాటల మాస్టర్ టేపులు (అసలు రికార్డింగ్ ఉన్న టేపులు) చెస్ దగ్గరే ఉండిపోయాయి. ఆ పాటలు తమ లేబుల్ మీద అమ్ముకోవాలంటే కొత్త కంపెనీకి ఉన్న దారల్లా ఆయన చేతే మళ్లీ పాడించుకోవడం. 1967లో వచ్చిన 'చక్ బెర్రీస్ గోల్డెన్ హిట్స్' ఆ బాపతే. కేడెన్స్ నుంచి వార్నర్‌కి మారాక ఎవర్లీ బ్రదర్స్, సన్ నుంచి స్మాష్‌కి మారాక జెర్రీ లీ లూయిస్ కూడా ఇదే పని చేశారు. అది వాళ్ల వ్యాపారం, తప్పుపట్టను. మళ్లీ పాడినవాటికి పాత ఫొటో తగిలించి, ఆ ముక్క కొనేవాడికి చెప్పకుండా అమ్మడమే మోసం.

క్యాసెట్ల రోజుల్లో ఘంటసాల పాటలని కొనుక్కొస్తే ఇంకెవరి గొంతో వినబడ్డ అనుభవం మనలో చాలామందికి ఉండే ఉంటుంది. అది పల్లవిలోనే దొరికిపోయేది. ఇక్కడ గొంతు ఆయనదే కాబట్టి, అసలుది వినని మనిషికి ఎప్పటికీ తెలీదు. 'ఓస్, దీనికేనా ఇంత గోల' అనుకుని పక్కన పడేస్తాడు. నాకు డబ్బు పోయినదానికన్నా ఇదే ఎక్కువ కష్టంగా ఉంది. ఎందుకంటే చక్ బెర్రీ విషయంలో హిట్స్ సంకలనంతో మొదలుపెట్టడమే సరైన పద్ధతి. 50ల్లో ఆయన సత్తా అంతా సింగిల్స్‌లోనే, అంటే విడిగా వచ్చిన పాటల రికార్డుల్లోనే ఉంది. బ్రిటిష్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ 1963లో తమ మొట్టమొదటి సింగిల్‌గా పాడింది ఆయన పాటే. 1977లో వాయేజర్ వ్యోమనౌకతో అంతరిక్షానికి పంపిన 'జానీ బి. గుడ్' 1958 నాటి చెస్ రికార్డింగ్.

అమ్మినాయనకి మెసేజ్ పెడితే, "పాటలు అవే కదా సార్, సింగర్ కూడా ఆయనే, ఇంకేం కావాలి?" అన్నాడు. సీలు తీశారు కాబట్టి వాపసు కుదరదట. సీలు తియ్యకుండా ఎలా వినమంటారో అడిగితే జవాబు లేదు.

కాబట్టి కొనేముందు అట్ట వెనకవైపు ఫొటో, రికార్డు మధ్యలో ఉండే లేబుల్ కాగితం ఫొటో పంపమని అడగండి. పంపనంటే అక్కడితో వదిలెయ్యండి. నా దాని మీద, బార్‌కోడ్ పక్కన, ఆవగింజంత అక్షరాల్లో 'అసలు గాయకుడి చేత రీ-రికార్డింగ్' అని ఇంగ్లిష్‌లో ఉంది. 'ఒరిజినల్ ఆర్టిస్ట్' అన్న ముద్ర చూసి మురిసిపోవద్దు, అది రికార్డింగ్ గురించి ఏమీ చెప్పదు. చెస్ పేరు, 1955 నుంచి 65 లోపు సంవత్సరాలు ఉన్నాయా అన్నది చూడండి. యూనివర్సల్ అనే పెద్ద మ్యూజిక్ కంపెనీ పేరుంది కదా అని కూడా నమ్మకండి, ఇప్పుడు చెస్, మెర్క్యురీ రెండూ దాని కిందే ఉన్నాయి. ఆయన 1969 టొరంటో కచేరీలో స్టేజీ మీద పాడిన రికార్డింగ్ కూడా రకరకాల పేర్లతో తిరుగుతోంది, అదీ గమనించుకోండి.

యూరప్‌లో 1962 వరకు విడుదలైన రికార్డింగులకి కాపీరైట్ తీరిపోయింది. అక్కడి చిన్న కంపెనీలు వేసే ఎల్పీల్లో అసలు రికార్డింగులు ఉండొచ్చు గానీ, మాస్టర్ టేపు నుంచే చేశారన్న భరోసా లేదు. మరీ ఎక్కువ పెట్టి కొనకండి.

ఏది కొనాలని అడిగితే నా ఓటు 1982లో వచ్చిన 'ది గ్రేట్ ట్వెంటీ-ఎయిట్'కి. రెండు ఎల్పీలు, 28 పాటలు, అన్నీ చెస్ అసలు రికార్డింగులే. 'మేబెలీన్'తో మొదలై ఇంచుమించు వరసలో 60ల నడిమి దాకా వస్తుంది. గిటార్‌కీ పియానోకీ మధ్య సంవాదం ఏడాదికేడాది ఎలా పదునెక్కిందో అందులో తెలుస్తుంది.

నాకు అమ్మిన లిస్టింగ్ మాత్రం అదే ఫొటోతో ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు రెండొందలు తగ్గించారు కూడా.