గర్భసంచి ఆపరేషన్‌లో ఓవరీలు తీయించుకోవాలా, ఉంచుకోవాలా: గుండెకు ఏది మేలు?

"ఎలాగూ పొట్ట కోస్తున్నాం కదమ్మా, ఆ రెండు ఓవరీలూ తీసేస్తే క్యాన్సర్ భయం కూడా ఉండదు." గర్భసంచి ఆపరేషన్‌కు ముందు మన వైపు చాలామంది ఆడవాళ్లు విన్న మాటే ఇది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. వీళ్లంతా ఇంకా యాభై నిండనివాళ్లే. కాబట్టి పై మాటకు సరే అనాలా వద్దా అన్నది మనకు చిన్న ప్రశ్నేమీ కాదు.

గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది, అంతే. ఈస్ట్రోజెన్ తయారయ్యేది ఓవరీల్లో. రక్తనాళాలు బిరుసెక్కకుండా, చెడు కొలెస్ట్రాల్ మీరకుండా చూసేది ఆ హార్మోనే. మామూలుగా ముట్లుడిగేటప్పుడు అది కొన్నేళ్లపాటు మెల్లగా తగ్గుతుంది. ఓవరీలు కోసి తీసేస్తే మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. వేడి ఆవిర్లు, నిద్రలేమి రోజుల్లోనే బయటపడతాయి. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) పెరగడం మాత్రం పరీక్ష చేయిస్తే తప్ప ఎవరికీ తెలియదు.

తీయించుకోవడం వల్ల లాభమే లేదా అంటే, ఉంది. ఓవరీ క్యాన్సర్ దాదాపు రాదు. రొమ్ము, ఓవరీ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవాళ్లకు, అనుమానపు గడ్డ ఉన్నవాళ్లకు తీయించుకోవడమే మేలు, అక్కడ రెండో మాట లేదు. మిగతావాళ్ల లెక్క వేరు. అమెరికా నర్సుల అధ్యయనంలో గర్భసంచి తీయించుకున్న 29,380 మందిని 24 ఏళ్లు గమనించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. ఓవరీలు కూడా తీయించుకున్నవాళ్లలో ఓవరీ, రొమ్ము క్యాన్సర్లు తగ్గాయి, గుండెజబ్బు ముప్పు మాత్రం 17 శాతం ఎక్కువగా కనిపించింది. మొత్తం మరణాలు కూడా వాళ్లలోనే ఎక్కువ. యాభైలోపు తీయించుకుని, ఈస్ట్రోజెన్ వాడనివాళ్ల పరిస్థితి మరీ ఇబ్బంది. అరుదైన జబ్బును తప్పించుకోబోయి, ఆడవాళ్లను అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా పొట్టనపెట్టుకునే జబ్బుకు దారివ్వడం నాకైతే నష్టపు బేరంలాగే తోస్తుంది.

క్యాన్సర్ భయం పోవట్లేదు అనేవాళ్లకు మధ్యేమార్గం ఉంది: ఓవరీలు ఉంచి, వాటి పక్కనుంచి గర్భసంచికి వెళ్లే ట్యూబులు మాత్రం తీయించుకోవడం. ఓవరీ క్యాన్సర్లలో చాలావరకు ట్యూబుల్లోనే మొదలవుతాయని ఇప్పుడు తెలిసింది. నలభైల్లో ఉన్నవాళ్లు డాక్టరును ముందు అడగాల్సింది దీని గురించే. అయితే ఓవరీలు ఉంచుకున్నా, గర్భసంచి పోయినవాళ్లకు ముట్లుడిగే దశ కొంత ముందుగా రావచ్చు. నెలసరి ఉండదు కనుక అది వచ్చిందని తెలియకపోవచ్చు కూడా.

మరి ఇప్పటికే తీయించుకున్నవాళ్ల సంగతి? సుమారు యాభై వచ్చేవరకు ఈస్ట్రోజెన్ బయటినుంచి తీసుకోవడమే, వాడకుండా ఉండటం కన్నా మేలు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు వచ్చినవాళ్లకు ఇది వర్తించదు. "హార్మోన్ మాత్రలతో గుండెపోటు వస్తుందటగా" అన్న భయం 2002లో ఆగిన ఒక అమెరికా అధ్యయనంతో వచ్చింది. అందులోవాళ్ల సగటు వయసు 63, వాడింది రెండు హార్మోన్ల మాత్ర. నలభై ఏళ్లకే ఓవరీలు పోయిన మనిషికి ఆ లెక్క అతకదు. గర్భసంచి లేదు కాబట్టి, దాని లోపలి పొరకు రక్షణగా ఇచ్చే రెండో హార్మోన్ ప్రొజెస్టిరాన్ కూడా సాధారణంగా అక్కర్లేదు. అదే, అరవై దాటాక గుండె కోసమని కొత్తగా మొదలుపెట్టడం మాత్రం వద్దు.

మాత్రా, జెల్లా అంటే, చౌక మాత్రే. కానీ మాత్ర ముందు కాలేయం గుండా పోతుంది, అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాలను, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులను పెంచుతుంది. చర్మానికి రాసే జెల్, అంటించే ప్యాచ్ నేరుగా రక్తంలోకి చేరతాయి, ఆ ముప్పు బాగా తక్కువ. బరువు, బీపీ ఉన్నవాళ్లు ఖర్చైనా జెల్ గురించే అడగడం మంచిది.

అసలు ఓవరీలు ఉన్నాయో లేవో తెలియనివాళ్లూ ఉన్నారు. స్కాన్ ఫిల్ములతోపాటు ప్లాస్టిక్ కవర్లో దాచిన డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి. ఆపరేషన్ పేరు పక్కన 'బీఎస్‌ఓ' (BSO) అని ఉంటే రెండు ఓవరీలూ, ట్యూబులూ తీసేశారని అర్థం. ఆ కాగితం గుండె డాక్టరుకు కూడా చూపించాలి. నలభైలోపు ముట్లుడగడాన్ని గుండె ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా అమెరికా గుండె వైద్య సంఘాలు 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో చేర్చాయి. కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరు తేల్చేటప్పుడు అది లెక్కలోకి వస్తుంది.